గొర్రెల కాపరి గురువైన కథ: రబ్బీ అకీవా గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గోదారి_గట్టు
శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక సంక్షేమ హాస్టల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతుంటాను. వాళ్లలో చాలామంది ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషి వాళ్లే. వచ్చేవారం వాళ్లకు యూదుల గురువు రబ్బీ అకీవా కథ చెప్పాలనుకుంటున్నాను. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర, రెండో శతాబ్దం మొదట ఉన్న మనిషి.

నాకు తెలిసింది ఇంతవరకు. అకీవా యెరూషలేములో కల్బా సవూవా అనే పెద్ద ధనవంతుడి మంద కాసేవాడు. 40 ఏళ్లొచ్చినా అక్షరం ముక్క రాదు. ఒకరోజు బావి దగ్గర రాతికి పడ్డ గుంట చూసి, దీన్ని ఎవరు తొలిచారు అని అడిగాడట. రోజూ పడే నీళ్లే అన్నారు. మెత్తటి నీళ్లు రాతిని తొలిస్తే, ఇనుములాంటి ధర్మశాస్త్రం (యూదుల తోరా) మాటలు రక్తమాంసాల గుండెలోకి దిగవా అనుకుని, కొడుకును వెంటబెట్టుకుని పిల్లల పంతులు దగ్గరికి వెళ్లాడు. పలకకు ఒక కొస తండ్రి, ఇంకో కొస కొడుకు పట్టుకుంటే పంతులు అక్షరాలు రాసిచ్చాడు. అలా మొదలుపెట్టి చివరికి వేలమందికి గురువయ్యాడు.

నా సందేహం ఒక్కటే. దీన్ని "కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అని చెప్పి వదిలేయొచ్చా? మా పిల్లలు కష్టపడుతూనే ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నలు ఇంకా ఎక్కువ కష్టపడ్డారు. ఈ మనిషికి తలుపు ఎలా తెరుచుకుంది, ఎవరు తెరిచారు? అది తెలిసినవాళ్లు చెప్పండి.

బైబిల్_విద్యార్థి
శుక్రవారం, రాత్రి 10:25

మంచి ప్రశ్న అండీ. ముందు ఒక సంగతి పిల్లలకు చెప్పాలి. యూదుల్లో యాజకత్వం పుట్టుకతో వచ్చేది. మొదటి ప్రధాన యాజకుడు అహరోను వంశంలో పుడితేనే యాజకుడు. రాజరికం దావీదు వంశానిది. ధర్మశాస్త్రం చదువు మాత్రం ఎవరి సొత్తూ కాదు, కావాలన్నవాడు వచ్చి తీసుకోవచ్చు అని వాళ్ల గురువులు పట్టుబట్టి చెప్పారు. వాళ్ల గురువుల తీర్పులు కూర్చిన మిష్నా అనే గ్రంథంలో ఇంకా గట్టి మాట ఉంది: నిషిద్ధమైన కలయికలో పుట్టినవాడైనా పండితుడైతే, చదువులేని ప్రధాన యాజకుడి కంటే ముందు గౌరవం అతనికే.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కాల్చేశాక బలిపీఠమే లేదు. యాజకుడికి చేయడానికి పెద్దగా పని మిగల్లేదు. యవ్నే అనే ఊళ్లో పండితులు కూడి చదువునే కేంద్రంగా పెట్టుకున్నారు. అకీవా పైకొచ్చింది సరిగ్గా ఆ కాలంలో. ఇంకో ముప్పై ఏళ్లు ముందు ఉంటే ఆయనకు ఆ స్థానం దొరికేదా అన్నది అనుమానమే.

పాత_కాగితం
శుక్రవారం, రాత్రి 11:02

చరిత్ర వైపు నుంచి ఒక మాట. బావి కథ, భార్య కథ లాంటివి రాతలోకి ఎక్కింది అకీవా పోయిన చాలాకాలానికి. మిష్నా మీద చర్చలు, కథలు కలిపిన పెద్ద గ్రంథం బబులోను తాల్ముద్. దాని కూర్పు ఆయన తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లకు ఒక రూపానికి వచ్చింది. మిష్నా మాత్రం క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చింది. దాన్ని కూర్చిన తరం ఆయన శిష్యుల చేతికింద చదువుకున్న తరం. కాబట్టి అకీవా ఇచ్చిన తీర్పులు, ఆయన వాదనల మీద కాస్త ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. కథలు ఆ సమాజం తన గురువును ఎలా గుర్తుంచుకోవాలనుకుందో చెబుతాయి. అదీ తక్కువ విషయం కాదు.

తలుపు గురించి అడిగారు. అకీవా కంటే ముందు హిల్లేల్ ఉన్నాడు, హేరోదు కాలం మనిషి, బబులోను నుంచి వచ్చినవాడు. రోజు కూలీలో సగం ఇంటి ఖర్చుకి, సగం పాఠశాల ద్వారపాలకుడికి. ఒక శుక్రవారం కూలి దొరకలేదు, లోపలికి పోనివ్వలేదు. పైకప్పు ఎక్కి వెలుతురు కిటికీ మీద పడుకుని పాఠం విన్నాడు. రాత్రంతా మంచు కురిసింది. తెల్లారి గురువులు షెమయా, అవ్తల్యోన్ "ఇవాళ గదిలో వెలుతురు లేదేమిటి?" అని తలెత్తి చూస్తే కిటికీకి అడ్డంగా మనిషి ఆకారం. మూడు మూరల మంచు తీసి, పని చేయకూడని విశ్రాంతిదినం అయినా స్నానం చేయించి, నిప్పు దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత ఆయనే పండితసభకు అధిపతి అయ్యాడు.

కాపాడిన ఆ ఇద్దరు గురువులూ అన్యజనుల (యూదులు కానివాళ్ల) సంతతి అని సంప్రదాయం. ఒకసారి ప్రధాన యాజకుడు జనం తనను వదిలి వాళ్ల వెంట పోవడం చూసి "అన్యజనుల బిడ్డలు శాంతిగా పోదురు గాక" అని ఎత్తిపొడిచాడు. అహరోను చేసిన పని, అంటే జనాన్ని శాంతితో కలిపే పని, చేసే అన్యజనుల బిడ్డలకే శాంతి, అహరోను పని చేయని అహరోను బిడ్డకు కాదు అని తిప్పికొట్టారు.

నల్లరేగడి
శనివారం, ఉదయం 6:50

హిల్లేల్ కథలో నన్ను ఎప్పుడూ కుదిపేది ఆ ద్వారపాలకుడు. జ్ఞానం ఎవరిదైనా కావచ్చు అంటారు, గుమ్మం దగ్గర మాత్రం డబ్బు తీసుకుంటారు. కథ చెప్పేవాళ్లు మంచు గురించే చెబుతారు, ఆ గుమ్మం గురించి ఎవరూ అడగరు.

అకీవా కాలానికి వస్తే గుమ్మం విషయం బాహాటంగానే తేలిపోయింది. యవ్నేలో అధిపతి రెండో గమలీయేలు. బైబిల్_విద్యార్థి గారికి తెలిసే ఉంటుంది, అపొస్తలుల కార్యములలో కనిపించే గమలీయేలు ఈయనకు తాత. లోపలా బయటా ఒకేలా లేని విద్యార్థి రాకూడదని ఈయన కాపలా పెట్టించాడు. రబ్బీ యెహోషువ అనే పెద్ద పండితుణ్ణి సభలో నిలబెట్టి అవమానించాడు, అదీ ఒకసారి కాదు. చివరికి సభే తిరగబడి గమలీయేలును దించేసింది. ఆ రోజే కాపలావాణ్ణి తీసేశారు. లోపల బల్లలు సరిపోక 400 కొత్తవి వేశారని ఒకరు, 700 అని ఇంకొకరు.

తర్వాత క్షమాపణ అడగడానికి గమలీయేలు యెహోషువ ఇంటికి వెళ్లి, గోడలన్నీ నల్లగా ఉండటం చూసి "నువ్వు బొగ్గులు కాల్చేవాడివన్నమాట" అన్నాడు. యెహోషువ జవాబు నేను ఎప్పటికీ మర్చిపోను. నువ్వు నాయకుడిగా ఉన్న తరానికి అయ్యో, పండితులు ఎలా బతుకుతున్నారో, ఏం తింటున్నారో నీకు తెలియదు అన్నాడు. గోదారి_గట్టు గారూ, మీ పిల్లలకు బావి కంటే ముందు ఈ నల్లటి గోడలు చెప్పండి.

గోదారి_గట్టు
శనివారం, ఉదయం 8:15

ఇది నాకు తెలియదండీ. మరి గమలీయేలును దించాక ఆ పీఠం అకీవాకు ఇచ్చారా?

నల్లరేగడి
శనివారం, ఉదయం 8:40

ఇవ్వలేదు. ఆయన పేరు వచ్చింది. అయితే "అతనికి పితరుల పుణ్యం అండ లేదు, ఏదైనా కీడు మూడవచ్చు" అన్నారు. ఆయన తండ్రి యోసేపు యూదుమతంలోకి మారినవాడని తర్వాతి కాలంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు రాశాడు. పీఠం ఎలియాజరు బెన్ అజర్యాకు ఇచ్చారు. అతనికి జ్ఞానం ఉంది, డబ్బుంది, ఎజ్రా అనే పాతకాలం గొప్ప ధర్మశాస్త్ర గురువు నుంచి పదో తరం. వయసు 18 ఏళ్లని బబులోను తాల్ముద్ అంటుంది.

అలాంటిదే ఇంకో కూర్పు, యెరూషలేము తాల్ముద్, ఇంకో ముక్క చేర్చింది. అకీవా బాధపడుతూ కూర్చుని, అతను నాకంటే ఎక్కువ చదివాడని కాదు, నాకంటే గొప్పవాళ్ల బిడ్డ, తగిలించుకోవడానికి మేకు ఉన్న మనిషి ధన్యుడు అన్నాడట. దేశంలోకెల్లా పెద్ద పండితుడు అన్న మాట ఇది. ఇది దాచిపెట్టి కథ చెబితే పిల్లలకు అన్యాయం చేసినట్టే అని నా గట్టి అభిప్రాయం.

బైబిల్_విద్యార్థి
శనివారం, ఉదయం 9:30

ఒప్పుకుంటాను, కానీ ఆ మాట తాల్ముద్‌లోనే ఉందని కూడా చెప్పాలి కదా నల్లరేగడి గారూ. తమ పెద్దలు చేసిన పక్షపాతాన్ని వాళ్లే రాసిపెట్టుకున్నారు. యెహోషువ కోపం తగ్గాక, రేపు పొద్దున్నే మనిద్దరం గమలీయేలు గుమ్మానికి వెళ్దాం అన్నదీ అకీవాయే. పీఠం దక్కని మనిషి పీఠం పోగొట్టుకున్నవాణ్ణి తిరిగి తీసుకురావడానికి వెళ్లాడు. నాయకత్వం అంటే నాకు అదే.

లెక్కల_టీచర్
శనివారం, మధ్యాహ్నం 2:10

ఇంత మాట్లాడుకున్నారు, ఆయన భార్య ఊసే రాలేదు. తలుపు ఎవరు తెరిచారని కదా అడిగారు? ఆమె తెరిచింది.

కల్బా సవూవా కూతురు ఆమె. కాపరి నెమ్మదితనం, మంచితనం చూసి, చదువుకోవడానికి వెళ్తానంటే నిన్ను చేసుకుంటాను అంది. తండ్రికి తెలిసి, నా ఆస్తిలో చిల్లిగవ్వ ముట్టడానికి లేదని ఒట్టు పెట్టాడు. చలికాలం గడ్డివాములో పడుకునేవాళ్లు. ఆమె జుట్టులో ఇరుక్కున్న గడ్డిపోచలు ఏరుతూ, నా దగ్గర ఉంటే నీకు బంగారపు యెరూషలేము చేయించేవాణ్ణి అన్నాడు. యెరూషలేము పట్టణం ఆకారంలో చేసే తలనగ అది. అప్పుడు ఎవరో పేదవాడు గుమ్మంలోకొచ్చి, నా భార్య ప్రసవించింది, పడుకోబెట్టడానికి కాస్త గడ్డి ఇవ్వండి అన్నాడు. చూడు, మనకున్న గడ్డి కూడా లేనివాడు ఉన్నాడు అని అకీవా అంటే ఆమె చెప్పిన జవాబు, వెళ్లి చదువుకో.

పన్నెండేళ్లకు పన్నెండు వేలమంది శిష్యులతో తిరిగొచ్చాడు. ఇంటి బయట ఉండగా, బతికున్న మొగుడికి విధవలా ఎన్నాళ్లుంటావ్ అని ఒక ముసలాయన ఆమెను అడగడం, నా మాట వింటే ఇంకో పన్నెండేళ్లు చదువుకోమంటాను అని ఆమె అనడం వినబడ్డాయి. గడప తొక్కకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. ఈసారి ఇరవై నాలుగు వేలమందితో వచ్చాడు. పాత బట్టల్లో ఆమె కాళ్ల మీద పడితే శిష్యులు నెట్టేయబోయారు. వదలండి, నాదీ మీదీ అంతా ఆమెదే అన్నాడు.

ఆ అంకెలు నిజమా అని పాత_కాగితం గారు అడుగుతారని తెలుసు. నేను ఇక్కడ లెక్కలు చూడను. ఇంకో వైపు యెరూషలేము తాల్ముద్‌లో ఉన్న ఒక ముక్క మాత్రం చూస్తాను. అకీవా చివరికి ఆ నగ చేయించాడు. దాన్ని చూసి గమలీయేలు భార్య కుళ్లుకుంది. అప్పుడు గమలీయేలు, ఆమె తన జడ అమ్మి అతన్ని చదివించింది, నువ్వు అలా చేసి ఉండేదానివా అని అడిగాడు. పుట్టుకతో పీఠమెక్కినవాడి నోటి నుంచే ఆ జడ విలువ ఒప్పించారు. అయినా తాల్ముద్ ఆ కథల్లో ఆమె పేరు చెప్పదు. రాహేలు అన్నది వేరే గ్రంథంలో దొరుకుతుంది.

ఎడారి_కబుర్లు
శనివారం, సాయంత్రం 6:30

నేను నిజామాబాద్ వాణ్ణి. ఇజ్రాయెల్‌లో ఒక పెద్దాయన్ని చూసుకునే పని చేస్తున్నాను. ఇక్కడ అకీవా పేరు రోజూ వినబడుతుంది. ఊళ్లలో వీధులకు ఆయన పేరే. సమాధి అని చెప్పే చోటు తిబెరియలో కొండ వాలు మీద ఉంది, కింద గలిలయ సముద్రం కనబడుతుంది.

పస్కా పండుగ తర్వాత కొన్ని వారాలు పెళ్లిళ్లు పెట్టుకోరు, చాలామంది జుట్టు కత్తిరించుకోరు. అకీవా శిష్యులు వేలమంది ఆ రోజుల్లోనే చనిపోయారని చెబుతారు. కారణం అడిగితే మా పెద్దాయన, వాళ్లు ఒకరినొకరు గౌరవించుకోలేదు అన్నారు. ముప్పై మూడో రోజు రాత్రి ఊరూరా మంటలు వేస్తారు. దానికోసం పిల్లలు ముందునుంచే కట్టెలు పోగేస్తుంటారు.

అంతమంది పోయాక అకీవా దక్షిణానికి వెళ్లి ఐదుగురితో మళ్లీ మొదలుపెట్టాడట. మెయిర్, యెహూదా, యోసే, షిమోన్, ఎలియాజరు. ఇవాళ ఉన్న మిష్నా చాలావరకు ఆ ఐదుగురి నోటినుంచే వచ్చింది అని పెద్దాయన ఐదు వేళ్లూ చూపించి చెప్పారు. పిల్లలకు ఇరవై నాలుగు వేల కంటే ఈ ఐదుగురే నచ్చుతారని నాకనిపిస్తుంది.

పాత_కాగితం
శనివారం, రాత్రి 9:05

బ్రదర్, బాగా చెప్పారు. ఇప్పుడు నేను అకీవా తీర్పుల్లోకి వెళ్తాను. కింది నుంచి వచ్చిన మనిషి పైకెక్కాక ఏం చేశాడో అక్కడే తెలుస్తుంది.

ఒకడు బజారులో ఒక స్త్రీ తలముసుగు లాగేశాడు. అకీవా 400 జూజ్‌లు (అప్పటి వెండి నాణేలు) జరిమానా వేశాడు. గౌరవం దెబ్బతిన్నందుకు ఇచ్చే పరిహారం మనిషి హోదాను బట్టి మారాలని అప్పటి వాదన. అకీవా ఒప్పుకోలేదు. ఇశ్రాయేలులో నిరుపేదలనైనా ఆస్తి పోగొట్టుకున్న స్వతంత్రులుగానే చూడాలి, వాళ్లు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు బిడ్డలు అన్నాడు. వాడు గడువు అడిగి, సాక్షుల్ని పెట్టుకుని, ఆమె గుమ్మం ముందు చిల్లర విలువ చేసే నూనె కుండ పగలగొట్టాడు. ఆమె ముసుగు తీసి ఆ నూనె చేత్తో ఎత్తి తలకు రాసుకుంది. ఇలాంటిదానికి 400 ఇవ్వాలా అని వాడి వాదన. నువ్వు చెప్పింది వాదనే కాదు, తనను తాను కించపరచుకున్నా ఆమెకు శిక్ష లేదు, ఇంకొకరు కించపరిస్తే చెల్లించాల్సిందే అని అకీవా కొట్టేశాడు. మేకు లేనివాడు న్యాయం చెప్పే చోటు నుంచి ప్రతి పేదవాడికీ ఒక వంశం రాసిచ్చాడు అని నేను చదువుకుంటాను.

లెక్కల_టీచర్
శనివారం, రాత్రి 9:50

ఆ తీర్పు నాకూ ఇష్టమే. కానీ అదే మిష్నాలో, అప్పులతో చనిపోయినవాడి సొమ్ము ఎవరికివ్వాలి అన్న చోట, రబ్బీ తర్ఫోన్ బలహీనులకు ఇమ్మంటాడు. తీర్పులో జాలి పనికిరాదు, వారసులకే అన్నది అకీవా. విడాకుల దగ్గర ఇంకా కష్టం. ఇంతకంటే అందగత్తె కనబడినా మగవాడు భార్యను వదిలేయొచ్చన్నదీ అకీవా పేరు మీదే ఉంది. జడ అమ్ముకున్న ఆమె మొగుడు ఆ మాట అన్నాడంటే నాకు మనసు ఒప్పదు. కింది నుంచి వచ్చినవాళ్లంతా కిందివాళ్ల పక్షమే ఉంటారని పిల్లలకు చెప్పకండి.

పాత_కాగితం
శనివారం, రాత్రి 10:20

మీరు ఎత్తిచూపింది న్యాయం మేడమ్. ఇంకోటీ ఉంది. క్రీ.శ. 132లో రోమ్ మీద బర్ కోఖ్బా తిరుగుబాటు లేచినప్పుడు, దావీదు వంశంలో వస్తాడని యూదులు ఎదురుచూసే మెస్సీయ, అంటే విమోచకుడు, అతనే అని అకీవా ప్రకటించాడు. అకీవా, నీ చెంపల మీద గడ్డి మొలిచినా దావీదు కుమారుడు ఇంకా రాడు అని తోటి పండితుడు యోహానాన్ బెన్ తొర్తా ముఖాన చెప్పాడు. 135 నాటికి తిరుగుబాటు నెత్తుటిలో అణిగిపోయింది. ధర్మశాస్త్రం బోధించినందుకు రోమన్లు అకీవాను ఇనుప దువ్వెనలతో చీల్చి చంపారని, ఆయన "మన దేవుడైన యెహోవా అద్వితీయుడు" అనే ప్రార్థన చెబుతూ ప్రాణం విడిచాడని సంప్రదాయం.

కడలి_కెరటం
ఆదివారం, ఉదయం 7:45

కొత్త సభ్యురాలిని. ఇవన్నీ పాతకాలం మాటలు కదా, ఇప్పుడు పేదింటి నుంచి ఎవరైనా అలా ఎదిగారా? అసలు రబ్బీ ఎలా అవుతారు?

బైబిల్_విద్యార్థి
ఆదివారం, ఉదయం 10:10

స్వాగతం అండీ. యూదుల్లో పోపు లాంటి ఒకే అధిపతి లేడు. యెషీవా అనే పాఠశాలలో ఏళ్లతరబడి ధర్మశాస్త్రం చదివి, పరీక్షలో నెగ్గితే గురువు యోగ్యతాపత్రం ఇస్తాడు. ఆ తర్వాత సమాజమందిరం వాళ్లు పనిలోకి తీసుకుంటారు. సామూహిక ప్రార్థనకు రబ్బీ తప్పనిసరి కాదు, పదిమంది కావాలి.

ఈ కాలం మనిషి అంటే ఓవాదియా యోసెఫ్. 1920లో బాగ్దాద్‌లో పుట్టాడు, నాలుగేళ్లప్పుడు కుటుంబం యెరూషలేము చేరింది. తండ్రిది కిరాణా కొట్టు, కొడుకు కొట్లో సాయం చేయాలన్నాడు. గురువు ఎజ్రా అత్తియా తెల్లవారే కొట్టుకొచ్చి ఏప్రన్ కట్టుకుని, మీకు పనివాడు కావాలి కదా, జీతం లేకుండా నేను చేస్తాను, పిల్లవాణ్ణి చదువుకోనివ్వండి అన్నాడని చెబుతారు. ఆ పిల్లవాడు 1973 నుంచి 1983 దాకా ఇజ్రాయెల్‌లో సెఫార్దీ (స్పెయిన్, మధ్యప్రాచ్య సంప్రదాయాల) యూదుల ప్రధాన రబ్బీ. 2013లో పోయినప్పుడు లక్షలమంది యెరూషలేము వీధుల్లోకి వచ్చారు. ఇథియోపియా నల్లజాతి యూదులు యూదులే అని 1973లో తీర్పిచ్చింది ఆయనే. వాళ్లు ఇజ్రాయెల్ రావడానికి ఆ తీర్పు దారి వేసింది.

నల్లరేగడి
ఆదివారం, ఉదయం 11:30

ఈ చోట మనకు దగ్గర విషయం ఒకటి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, ముందు బాప్టిస్టు క్రైస్తవులు. తాము పాత ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుంటారు. 1990ల మొదట్లో సమాజమందిరం పెట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకుంటున్నారు. ఇజ్రాయెల్ అధికారికంగా గుర్తించలేదు. వంశం రుజువు చేయమంటారు. అకీవాను అడిగినదే వీళ్లనూ అడుగుతున్నారు. ఒకప్పుడు ఊరు చివర నిలబెట్టిన జనాన్ని మళ్లీ పుట్టుక కాగితం అడగడం చూస్తే నాకు మింగుడుపడదు.

పాత_కాగితం
ఆదివారం, మధ్యాహ్నం 1:15

పుట్టుక తిరిగి వచ్చేస్తూనే ఉంటుంది నల్లరేగడి గారూ. ఇప్పటి యుక్రెయిన్‌లో పెరిగిన బాల్ షెమ్ తోవ్ అనాథ, బడికి పిల్లల్ని తీసుకెళ్లే సహాయకుడిగా, మట్టి తవ్వుకుంటూ బతికాడని ఆయన కథలు చెబుతాయి. హసీదీ అనే యూదుల భక్తి ఉద్యమం ఆయనతో మొదలు. 1760లో పోయాక నాయకత్వం శిష్యుడికి వెళ్లింది. రెండు మూడు తరాలు తిరిగేసరికి అదే ఉద్యమంలో గురుపీఠాలు తండ్రి నుంచి కొడుక్కి, అల్లుడికి పోవడం మామూలైపోయింది.

కడలి_కెరటం గారు అడిగారు కాబట్టి ఆడవాళ్ల సంగతీ చెప్పాలి. రెగీనా యోనాస్, 1902లో బెర్లిన్ పేదపేటలో పుట్టింది. తండ్రి తిరుగుడు బేరగాడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. ఆడది రబ్బీ కావచ్చా అన్న విషయం మీదే వ్యాసం రాసి, కావచ్చని ధర్మశాస్త్రం నుంచే రుజువు చేసింది. అయినా పట్టా ఇవ్వడానికి చాలామంది వెనకాడారు. 1935 డిసెంబరులో రబ్బీ మాక్స్ దీనెమాన్ ఇచ్చాడు. నాజీలు 1942లో తెరేజీన్ నిర్బంధ శిబిరానికి తరలిస్తే అక్కడా బోధించింది. 1944లో ఔష్‌విట్జ్‌లో చంపేశారు. అమెరికాలో 1972లో సాలీ ప్రీసాండ్‌కు పట్టా ఇచ్చినప్పుడు ఆమే మొదటి మహిళ అని లోకం అనుకుంది. యోనాస్ కాగితాలు బెర్లిన్ గోడ కూలాక గానీ బయటపడలేదు.

గోదారి_గట్టు
ఆదివారం, రాత్రి 8:20

అందరికీ చాలా థాంక్స్. ఏం చెప్పాలో తేల్చుకున్నాను. బావి చెబుతాను, అక్కడ ఆగను. చదువుకునే రోజుల్లో అకీవా రోజూ ఒక మోపు కట్టెలు తెచ్చి సగం అమ్మి తినేవాడు, సగం వెలుగు కోసం కాల్చేవాడు. పొగకు చచ్చిపోతున్నాం, మాకు అమ్మేసి నూనె కొనుక్కో అని ఇరుగుపొరుగు అంటే, వీటి వెలుగులో చదువుకుంటాను, వీటితోనే చలి కాచుకుంటాను, వీటి మీదే పడుకుంటాను అన్నాడట. మా పిల్లలకు ఆ పొగ ఏమిటో తెలుసు. తర్వాత జడ, ద్వారపాలకుడు, మేకు, నూనె కుండ. విడాకుల మాట కూడా దాచను, మేడమ్.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. చదువురాని రోజుల్లో పండితుడు దొరికితే గాడిదలా కరవాలనిపించేది అని అకీవాయే శిష్యులతో అన్నాడు. కుక్కలా అనండి గురువుగారూ అంటే, కుక్క కరిస్తే ఎముక విరగదు, గాడిద కరిస్తే విరుగుతుంది అన్నాడు. మా హాస్టల్లో ఒక కుర్రాడికి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లంటే అంత కోపం ఉంది. ఆ కోపం సిగ్గుపడాల్సింది కాదని వాడికి ఒక రబ్బీ నోటితో చెప్పించాలి.

లెక్కల_టీచర్
ఆదివారం, రాత్రి 9:00

ఆడపిల్లల హాస్టల్లో కూడా చెప్పే వీలుంటే చూడండి సార్. అక్కడ యోనాస్‌తో మొదలుపెట్టండి, అకీవా తర్వాత రావొచ్చు.